టెక్ సందేహాలు: మీ కారు ఏసీ మీట ఎవరి చేతిలో ఉంది?

ఎండలు ముదిరితే చాలు, నాకొచ్చే సందేహాల్లో సగం కారు ఏసీ మీదే ఉంటాయి, అందులో మళ్లీ సగం ఒకటే మాట: "ఏసీ చల్లగా రావట్లేదు, గ్యాస్ కొట్టించాలా?" పోయినేడు చెప్పిందే మళ్లీ చెప్తున్నా. ఏసీ గ్యాస్ పెట్రోలు కాదు, కాలి అయిపోవడానికి. మూసిన పైపుల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. ఏడాదికే అయిపోయిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టు, ఆ లీకు పట్టకుండా గ్యాస్ నింపి పంపే షెడ్డుకు మీరు ఏటా చందా కడుతున్నట్టు. చిన్న కార్లలో పట్టేదే దాదాపు అర కిలో. ఎన్ని గ్రాములో చాలా బళ్లలో బానెట్ కింద స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. తూకం లేకుండా "చేతికి చల్లగా తగిలేదాకా" నింపే మనిషి దగ్గరికి పోకండి, గ్యాస్ ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది, పైగా కంప్రెసర్ మీద భారం.

మిర్యాలగూడ నుంచి ఒకాయన రాశారు: "అన్నా, నాది ఆటోమేటిక్ క్లైమేట్ కంట్రోల్ (మనం పెట్టిన టెంపరేచర్‌కు తానే తెచ్చే ఏసీ) ఉన్న కారు, రెండేళ్లయింది. రోజంతా మిల్లు దగ్గర ఎండలో ఉంటది. సాయంత్రం 'లో' (LO, అన్నింటికన్నా తక్కువ టెంపరేచర్) మీద పెట్టినా ఊళ్లో ట్రాఫిక్‌ల చల్లబడదు, నార్కట్‌పల్లి రోడ్డెక్కినంక మంచిగనే ఉంటది. షోరూమోళ్లు గ్యాస్ తక్కువుందంటున్నరు."

రోడ్డెక్కాక బాగుంటుందన్నారు కదా, జవాబు సగం అందులోనే ఉంది. లోపలి వేడిని బయటికి వదిలేది రేడియేటర్ ముందుండే కండెన్సర్. బండి పరుగెత్తితే దానికి గాలి బాగా తగులుతుంది, సిగ్నల్ దగ్గర ఆగితే ఫ్యాన్ ఒక్కటే దిక్కు. కాబట్టి ముందు ఆ ఫ్యాన్ సరిగా తిరుగుతోందా, కండెన్సర్ రెక్కల్లో దుమ్ము పేరుకుందా చూపించండి. మిల్లుల మధ్య ఉండే బండికి ఊక దుమ్ము పట్టకుండా ఎలా ఉంటుంది? మామూలు పైపుతో మెల్లగా నీళ్లు కొట్టి కడిగించండి, ప్రెజర్ గన్ దగ్గరగా పెట్టి కొడితే రెక్కలన్నీ వంగిపోతాయి. గ్లవ్ బాక్స్ వెనకాల క్యాబిన్ ఫిల్టర్ అని ఒకటుంటుంది, అది కూడా తీసి చూడండి. వడ్లు రోడ్ల మీద ఆరబోసే రోజుల్లో మన దగ్గర తిరిగే కారు ఫిల్టర్, కంపెనీ ఇచ్చిన పుస్తకంలో రాసినన్ని కిలోమీటర్లు రాదు. ఇవన్నీ అయ్యాక కూడా మార్పు లేకపోతే అప్పుడు గ్యాస్ సంగతి.

ఇక 'లో' మీద పెట్టడం. ఆటోమేటిక్‌లో 24 అని పెట్టినా, లోపల యాభై డిగ్రీలు కాగుతుంటే అది మొదట పూర్తి బలంతోనే చల్లబరుస్తుంది. 'లో' పెడితే తొందరగా ఏమీ చల్లబడదు, 24కు దిగాక కూడా ఆగకుండా గడ్డకట్టిస్తుంది, అంతే. ఎక్కగానే అద్దాలు దించి ఆ సెగను ఒక నిమిషం బయటికి పోనిచ్చి, తర్వాత అద్దాలెత్తి లోపలి గాలే తిరిగే బటన్ నొక్కండి, చల్లబడ్డాక తీసేయండి. నలుగురు కూర్చుని జడ్చర్ల నుంచి కర్నూలు దాకా ఆ బటన్ తీయకుండా పోతే లోపల కార్బన్ డయాక్సైడ్ పెరిగి డ్రైవరుకు మత్తుగా ఉంటుంది, దాన్ని బిర్యానీ మీద తోసేస్తుంటాం.

ఒక చిన్న మాట. చాలా ఆటోమేటిక్ ఏసీ కార్లలో డ్యాష్‌బోర్డ్ పైన, అద్దం దగ్గర, నల్లగా చిన్న బొడిపె ఉంటుంది. అది ఎండ ఎంత పడుతోందో కొలిచే సెన్సర్. మనవాళ్లు సరిగ్గా దాని మీదే వినాయకుణ్ణి పెట్టి పూలదండ వేస్తారు, లేదంటే డ్యాష్‌బోర్డ్ పగలకుండా టవల్ పరుస్తారు. కారు తాను చెట్టు నీడలో ఉన్నాననుకుని ఏసీ తగ్గిస్తుంది. స్వామిని నాలుగు అంగుళాలు పక్కకు జరపండి, ఏమీ అనుకోడు.

అచ్చంపేట పాఠకుడికి రెండు ముక్కల్లో. మన్ననూరు దాటాక శ్రీశైలం అడవి దారిలో వాన పడితే ముందు అద్దం మసకబారుతోందన్నారు. వేలితో తుడిచి చూడండి. లోపలివైపు తుడుచుకుపోతే ఏసీ వేసి, బయటి గాలి రానిచ్చి, ఆ గాలిని అద్దం మీదికి మళ్లించండి. చలిగా ఉంటే ఏసీ ఆపొద్దు, టెంపరేచర్ పెంచండి, గాల్లో తేమను లాగేది ఏసీయే. బయటివైపు ఉంటే వైపర్ వేసి, అద్దానికి తగిలే చల్లగాలి తగ్గించండి.

ఇప్పుడు నాకు నిజంగా టెన్షన్ పెట్టిన ఉత్తరం. దేవరకొండ నుంచి: "హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ కారు కొన్నాను. ఈ నెలలో రెండుసార్లు రాత్రి ఇంటి ముందు లాక్ చేసి ఉన్న కారు దానంతటదే స్టార్టయి ఏసీ నడిచింది, కాసేపటికి ఆగిపోయింది. మెకానిక్ వైరింగ్ షార్టంటున్నాడు. మా అమ్మ నిమ్మకాయలు కట్టించింది."

నిమ్మకాయలు ఉండనివ్వండి. కానీ వైరింగ్ షార్టయితే ఇంత పద్ధతిగా స్టార్టయి, ఏసీ వేసుకుని, మళ్లీ ఆగిపోదు. మీ బండిలో ఇంటర్నెట్ కోసం సిమ్ ఉన్నట్టుంది, ఫోన్ యాప్ నుంచి ఏసీ వేసుకునే సౌకర్యం ఉన్నట్టుంది, ఆ యాప్ ఇంకా పాత ఓనర్ ఫోన్లోనే ఉండి ఉంటుంది. ఆయన కొత్తగా అదే కంపెనీ కారు కొని, యాప్‌లో రెండు కార్లుంటే పొరపాటున పాతదాన్ని నొక్కుతున్నాడేమో, దురుద్దేశం ఉండకపోవచ్చు. కానీ ఆలోచించండి, ఆ మనిషికి మీ కారు రోజూ రాత్రి ఏ ఇంటి ముందు ఆగుతుందో తెలుసు, మీరు ఊళ్లో లేనిది ఎప్పుడో తెలుసు, చాలా యాప్‌లలో డోర్ లాక్ తీసే బటన్ కూడా ఉంటుంది. పెట్రోలు కారు షట్టర్ వేసిన గదిలో ఉండి, పక్క గదిలో మనుషులు పడుకుని ఉండగా ఎవరో ఎక్కడినుంచో ఇంజిన్ స్టార్ట్ చేస్తే వచ్చేది కార్బన్ మోనాక్సైడ్, దానికి వాసన ఉండదు.

మనం కారు కొన్నప్పుడు ఆర్సీ మార్చుకుంటాం, ఇన్సూరెన్స్ మార్చుకుంటాం, టైర్లు తన్ని చూస్తాం. యాప్ ఎవరి పేరు మీదుందో ఒక్కరూ అడగరు. అమ్మేవాడూ చెప్పడు, మధ్యలో కమీషన్ తీసుకునేవాడికి అసలు పట్టదు. స్క్రీన్‌లో రీసెట్ కొడితే చాలనుకుంటారు, చాలా బళ్లలో అది చాలదు, ఎందుకంటే ఖాతా ఉండేది కంపెనీ సర్వర్‌లో. పాత ఓనర్‌తో ఆయన యాప్‌లోంచి బండిని తీసేయించండి. ఆయన దొరక్కపోతే మీ పేరున్న ఆర్సీతో కంపెనీ కస్టమర్ కేర్‌కు రాసి ఖాతా మార్పించుకోండి. ఆ తర్వాతే స్క్రీన్ రీసెట్ చేసి, అందులో మిగిలిన పాత బ్లూటూత్ ఫోన్లు, కాంటాక్టులు, ఇంటి అడ్రసు చెరిపేయండి. మీరు అమ్మేటప్పుడూ ఇదే పని.

ఇదంతా ఊహ అనుకునేవాళ్లకు ఒక సంగతి. 2016 ఫిబ్రవరిలో ట్రాయ్ హంట్ అనే భద్రతా పరిశోధకుడు ఆస్ట్రేలియాలో కూర్చుని, ఇంగ్లండులో ఆగి ఉన్న ఒక ఎలక్ట్రిక్ కారు ఏసీని ఆన్ చేసి చూపించాడు. ఆ యాప్ పాస్‌వర్డ్ అడిగేదే కాదు, కారు గుర్తింపు నంబరు ఉంటే చాలు, అది అద్దంలోంచి ఎవరికైనా కనబడుతుంది. పైగా ఆ మోడల్ కార్లకు చివరి ఐదంకెలే తేడా. కంపెనీ ఆ సర్వీసును కొన్నాళ్లు ఆపేయాల్సి వచ్చింది. 2024లో మరో కంపెనీ సంగతి, ఈసారి అమెరికాలో: నంబర్ ప్లేటు తెలిస్తే చాలు, అర నిమిషంలో లాక్ తీయొచ్చు, స్టార్ట్ చేయొచ్చు అని పరిశోధకులు చూపించారు, తర్వాత దాన్ని సరిచేశారు. రెండూ పెద్ద కంపెనీలే. ఏసీ వేసే బటనే కదా, దానికి తాళమెందుకనుకున్న నిర్లక్ష్యం ఇది. నేనైతే ఎండాకాలం రెండు నిమిషాలు చెమట పట్టినా సరే, ఆ రిమోట్ సౌకర్యం తీసేయించుకుంటాను.

ఆఖరిది మహబూబ్‌నగర్ నుంచి. కొత్త కారుకు పెద్ద స్క్రీన్ ఉందట, ఏసీ కూడా అందులోంచే, ఎండకు మెరిసిపోయి ఏమీ కనబడటం లేదట, స్క్రీన్ గార్డ్ ఏది వేయించాలని అడిగారు. అయ్యా, కనబడితే మాత్రం చూడాలా? ఇంతకుముందు గుండ్రటి మీట ఉండేది, కళ్లు రోడ్డు మీదే ఉంచి చేత్తో తడిమి తిప్పేవాళ్లం. ఇప్పుడు ఫ్యాన్ ఒక గీత తగ్గించాలంటే మ్యాప్ మూసి, ఏసీ బొమ్మ వెతికి, జారుడు గీతను వేలితో జరపాలి, గుంత వస్తే వేలు 'హై' మీద పడుతుంది. 2022లో స్వీడన్‌లో ఒక కార్ల పత్రిక పరీక్ష పెట్టింది. 110 కిలోమీటర్ల వేగంతో పోతూ, టెంపరేచర్ పెంచడంలాంటివి కలిపి నాలుగు పనులు చేయాలి. బటన్లున్న 17 ఏళ్ల పాత కారులో 10 సెకన్లు పట్టింది, ఆ లోపు బండి 306 మీటర్లు పోయింది. అన్నింటికన్నా వెనకబడ్డ టచ్ స్క్రీన్ కారులో 1372 మీటర్లు. మన నేషనల్ హైవే మీద 1372 మీటర్లలో ఎన్ని బర్రెలు అడ్డమొస్తాయో, ఎన్ని ట్రాక్టర్లు రాంగ్ రూట్లో వస్తాయో మీకు నేను చెప్పాలా? యూరప్‌లో భద్రతకు స్టార్లిచ్చే యూరో ఎన్‌క్యాప్ 2026 నుంచి కొన్నింటికి నిజం బటన్లు ఉంటేనే పూర్తి మార్కులంటోంది, ఇండికేటర్, హారన్, వైపర్ లాంటివి. ఆ జాబితాలో ఏసీ లేదు, నలభై నాలుగు డిగ్రీల ఎండ వాళ్లకేం తెలుసు. కొనేముందు టెస్ట్ డ్రైవ్‌లో పాటలు విని వచ్చేస్తాం కానీ, నడుస్తున్న బండిలో ఏసీ ఒకసారి తగ్గించి చూడం.

అన్నట్టు మీరడిగింది స్క్రీన్ గార్డ్ గురించి. మ్యాట్‌ది వేయించండి, మెరుపు తగ్గుతుంది.