పశ్చిమ సహారా మొరాకోదేనా?

చట్టపరంగా ఇంకా తేలలేదు. మొరాకోకు దక్షిణాన ఉన్న ఈ ప్రాంతంలో ఎక్కువ భాగం మొరాకో చేతిలో ఉన్నా, ఐక్యరాజ్యసమితి దాన్ని ఇప్పటికీ స్వపరిపాలన లేని ప్రాంతాల జాబితాలోనే ఉంచింది. వలస పాలకులు వదిలి వెళ్లిన నేల ఎవరిదో తేల్చాల్సింది అక్కడి జనమే, పొరుగు దేశం కాదు. 1975లో, అక్కడ వలస పాలన చేసిన స్పెయిన్ ఇంకా వెళ్లకముందే, అంతర్జాతీయ న్యాయస్థానం ఈ సంగతి చెప్పింది: కొన్ని తెగలు మొరాకో సుల్తానుకు విధేయంగా ఉన్న మాట నిజమే, కానీ స్వయం నిర్ణయ హక్కును కొట్టేసే సార్వభౌమత్వం అది కాదు. 1991లో మొరాకో, ఆ ప్రాంతానికి స్వాతంత్ర్యం కోరుతూ పోరాడిన పొలిసారియో ఫ్రంట్ కాల్పులు ఆపి రిఫరెండానికి, అంటే ప్రజల ఓటుతో తేల్చడానికి, ఒప్పుకున్నాయి. ఓటు ఎవరికుండాలన్న దగ్గరే అది ఆగిపోయింది, అసలు చిక్కంతా అక్కడే. 2020లో అమెరికా మొరాకో వాదనను గుర్తించడంతో గొడవ తీరిందని చాలామంది అనుకుంటారు. ఆ గుర్తింపు అమెరికా విధానం మాత్రమే, అక్కడి జనమైన సహ్రావీల ఓటు ఇంకా జరగనే లేదు.