ఎముకలు గుల్లబారాయని నడుము ఆపరేషన్ వాయిదా వేశారు.. ఆగొచ్చా?

ప్రశ్న: మా అమ్మకు 67 ఏళ్లు. ఏడాదిగా నడుము నొప్పి. నాలుగు అడుగులు వేస్తే కాళ్లు లాగేస్తున్నాయంటుంది. వెన్నుపూస జారి నరం నొక్కుకుపోతోందని, స్క్రూలు వేసి బిగించాలని చెప్పారు. తీరా ఎముక సాంద్రత చూసే డెక్సా స్కాన్ చేస్తే తుంటి దగ్గర టీ-స్కోరు మైనస్ 3.1 వచ్చింది. ముందు ఎముక బలానికి ఇంజెక్షన్లు వాడి, కొన్ని నెలలయ్యాక ఆపరేషన్ చేద్దామంటున్నారు. అన్నాళ్లు ఆగితే నరం దెబ్బతినదా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ డాక్టర్ సరైన మాటే చెప్పారు. టీ-స్కోరు మైనస్ 2.5 గానీ, అంతకన్నా తక్కువ గానీ ఉంటే ఆస్టియోపొరోసిస్ అంటాం. మైనస్ 3.1 అంటే ఎముక బాగా గుల్లబారినట్టే.

గట్టి ఎముకలో స్క్రూ తిప్పుతుంటే ప్రతి చుట్టుకూ చేతికి పట్టు తెలుస్తుంది. గుల్లబారిన ఎముకలో అది అడ్డేమీ లేకుండా దిగిపోతుంది, పుచ్చిన చెక్కలో దిగినట్టు. ఆపరేషన్ రోజు తీసిన ఎక్స్‌రేలో అంతా చక్కగానే కనిపిస్తుంది. ఆమె లేచి తిరగడం మొదలుపెట్టాక స్క్రూ చుట్టూ ఎముక కొద్దికొద్దిగా అరిగి వదులవుతుంది. పూసలు రెండూ అతుక్కునే దాకా భారమంతా ఆ స్క్రూలే మోయాలి. బిగించిన చోటికి పైనున్న పూస నలిగిపోయే ప్రమాదం కూడా ఉంది. అప్పుడు మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వస్తే అది మొదటిదానికన్నా కష్టం. అందుకే ఈ కొన్ని నెలలు వృథా అనుకోకండి.

ఏ ఇంజెక్షన్ ఇస్తున్నారో అడిగి తెలుసుకోండి. టెరిపారటైడ్ అయితే రోజూ చర్మం కింద వేసుకోవాలి. అది కొత్త ఎముకను పెంచుతుంది, ఆపరేషన్ తర్వాత కూడా కొనసాగిస్తారు. గతంలో క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకుని ఉంటే మాత్రం తప్పకుండా చెప్పండి, వాళ్లకు ఇది ఇవ్వరు. డెనోసుమాబ్ అయితే 6 నెలలకోసారి. నొప్పి తగ్గింది కదా అని దాన్ని మధ్యలో మానేస్తే వెన్నుపూసలు ఒకటి తర్వాత ఒకటి విరిగే ప్రమాదం ఉంది. తేదీ క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి. విటమిన్-డి, కాల్షియం, థైరాయిడ్, పారాథైరాయిడ్ పరీక్షలు చేయించకపోతే ఇప్పుడే చేయించండి. వాటిలో లోపం ఉండిపోతే ఎంత ఖరీదైన మందైనా పూర్తిగా పనిచేయదు.

ఇంకొకటి. అమ్మగారి ఎత్తు తగ్గిందా? వీపు వంగుతోందా? వెన్నుపూస చాలామందిలో పెద్దగా నొప్పి లేకుండానే నలిగిపోతుంది. పాత ఫొటో పక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది. అనుమానం ఉంటే పక్కనుంచి వెన్ను ఎక్స్‌రే తీయమనండి. నొప్పిగా ఉందని ఆమెను రోజంతా మంచం మీదే ఉంచకండి, కదలిక లేకపోతే ఎముక ఇంకా పలచబడుతుంది. ఇంట్లోనే కొంచెం కొంచెంగా నడిపించండి. నేల మీది బరువులు వంగి ఎత్తనివ్వద్దు.

ఇక నరం సంగతి. నడిస్తే కాళ్లు లాగడం వరకే అయితే, డాక్టర్ పర్యవేక్షణలో ఆగొచ్చు. పాదం పైకి లేవకపోయినా, కాళ్లు బలహీనపడినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండానే మూత్రం పడిపోయినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. అలాంటప్పుడు ఎముక బలపడే దాకా ఎవరూ ఆగరు. స్క్రూలు వేయాల్సి వస్తే చుట్టూ బోన్ సిమెంట్ నింపి పట్టు పెంచుతారు, ఎముక మందులు ఆ తర్వాత కొనసాగిస్తారు.