కొత్త ర్యామ్ వేశాక స్క్రీన్ వెలగకపోతే?

ప్రశ్న: ల్యాప్‌టాప్ విప్పి రెండో స్లాట్‌లో 8 జీబీ ర్యామ్ పెట్టాను. ఆన్ చేస్తే స్క్రీన్ నల్లగానే ఉంటోంది. బోర్డు పాడైందా?

జవాబు: కంగారు పడకండి. చాలాసార్లు ర్యామ్ సరిగ్గా కూర్చోకపోవడమే కారణం. చార్జర్, లోపలి బ్యాటరీ కనెక్టర్ రెండూ తీసేసి, పవర్ బటన్ 15 సెకన్లు నొక్కి పట్టండి. ర్యామ్‌ను సుమారు 30 డిగ్రీల వాలులో, బంగారు రంగు కాంటాక్టులు దాదాపు కనిపించనంతగా లోపలికి నెట్టాకే కిందికి నొక్కాలి. రెండు పక్కలా క్లిప్పులు టక్కుమనాలి. బ్యాటరీ తగిలించి ఆన్ చేశాక కొన్ని నిమిషాలు ఆగండి. డీడీఆర్5 (కొత్త తరం ర్యామ్ రకం) అయితే మొదటిసారి మెమొరీని సరిచూసుకోవడానికి సమయం పడుతుంది, మధ్యలో ఆపేయొద్దు. అప్పటికీ రాకపోతే కొత్తది ఒక్కటే పెట్టి చూడండి. పాత ర్యామ్, కొత్త ర్యామ్ విడివిడిగా పనిచేసి, కలిపితే ఆగిపోతుంటే ఆ రెంటికీ పొసగడం లేదన్నమాట. ఒకే రకం జత కొనడమే మేలు.