బారెన్ ఐలాండ్‌కు వెళ్లే ముందు

చి. అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

పోర్ట్ బ్లెయిర్ నుంచి మీకు పడవ ఖాయమైందని నాన్న చెప్పాడు. చాలా సంతోషం. మన దేశంలో ఇప్పటికీ నిప్పులు కక్కుతున్న అగ్నిపర్వతం అదొక్కటే.

దీవి మీద దిగనివ్వరని టెన్షన్ పడకు. పడవలోంచి కూడా ఆ రాళ్లలో బోలెడు చదవొచ్చు. పొగ కనపడగానే అందరూ ఫోన్లు పైకెత్తుతారు. నువ్వు మాత్రం ముందు చుట్టూ ఉన్న గోడను చూడు. సుమారు 2 కిలోమీటర్ల వెడల్పున్న కాల్డెరా, అంటే పాత అగ్నిపర్వతం కూలి మిగిలిన పెద్ద గుంట, దాని అంచు అది. వాయవ్యం వైపు తెగి ఉంటుంది కాబట్టి పడవను అటు ఆపమని అడగండి. బైనాక్యులర్స్ పెడితే గట్టి లావా పొర, దాని మీద బూడిదా రాళ్లూ కలిసిన వదులు పొర, మళ్లీ లావా కనిపిస్తాయి. వాటిని తొందరపడకుండా బొమ్మ గీసుకో. ఎవరూ చూడని కాలంలో జరిగిన పేలుళ్ల చరిత్రంతా ఆ గోడలోనే ఉంది.

మనుషులు రాసిపెట్టిన చరిత్ర 1787 నుంచే. 1789లో సర్వేకొచ్చిన బ్రిటిష్ నౌకాధికారి ఆర్చిబాల్డ్ బ్లెయిర్ వెళ్లినప్పుడు టన్నుల బరువున్న రాళ్లు ఎగిరిపడుతున్నాయి. ఆ తర్వాత మరికొన్నేళ్లు అప్పుడప్పుడూ పేలి, నూరేళ్లకు పైగా నిద్రపోయింది. 1991 మార్చిలో మళ్లీ లేచింది, లావా సముద్రం దాకా పారింది. తర్వాత 1994లో, 2005లో.

2004 సునామీ భూకంపమే దీన్ని లేపిందని పడవలో ఎవరో ఒకరు అంటారు. నువ్వు రిపోర్టులో అలా రాసేయకు. భూకంపానికి ముందే రెండుసార్లు పేలింది కదా! భూమి పైపొరలో మన దేశం ఉన్న పెద్ద పలక, అంటే భారత ఫలకం, అండమాన్ కిందికి దిగుతూనే ఉంది, అసలు కారణం అది.

2017 జనవరిలో ఎన్‌ఐఓ (జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ) శాస్త్రవేత్తలు ఓడ మీద నుంచి చూసినప్పుడు ఒక్కో పేలుడు విడత ఐదు పది నిమిషాలే సాగింది. అందుకే వాచీ చూసుకుని మొదలు, ముగింపు, బూడిద రంగు, గాలి దిక్కు అన్నీ రాసుకో. ఒక్క విడత చూసి చాల్లే అనుకోవద్దు.

కాలేజీ మ్యూజియంలో అక్కడి బసాల్ట్ (నల్లటి లావా రాయి) ముక్క ఉంటే వెళ్లేముందే లెన్స్‌తో చూడు. అందులోని ఖనిజాలు, తెల్లటి ప్లాజియోక్లేజ్, ఆకుపచ్చ ఆలివిన్ పలుకులు గుర్తుపట్టు. తిరిగొచ్చాక అండమాన్‌లోని మరో అగ్నిపర్వత దీవి నార్కొండం రాళ్లతో పోల్చి చూద్దాం. అక్కడ ఎక్కువగా ఆండెసైట్, డేసైట్, అంటే బసాల్ట్ కంటే సిలికా ఎక్కువున్న లావా రాళ్లు. ఒకే వరసలో ఉన్న రెండు దీవులకు అంత తేడా ఎందుకొచ్చిందో ఈలోపు ఆలోచించి ఉంచు.

ఇట్లు,
మీ పెదనాన్న