హ్యాష్ చేశాం సార్, పాస్‌వర్డ్ తిరిగి రావట్లేదు!

ప్రశ్న: మేమిద్దరం బీటెక్ సెకండియర్. మినీ ప్రాజెక్టుగా పైథాన్‌లో పాస్‌వర్డ్ మేనేజర్ చేస్తున్నాం. పాస్‌వర్డ్‌లను ఎస్‌హెచ్‌ఏ-256 అనే పద్ధతితో హ్యాష్ చేసి ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో పెట్టాం. సేవ్ అవుతున్నాయి గానీ తిరిగి చూపించడం కుదరట్లేదు. బేస్64 అయితే వెనక్కి వస్తుందంటాడు నా ఫ్రెండ్. ఏది కరెక్ట్ సార్?

జవాబు: రెండూ కావు. హ్యాష్ పిండిమర లాంటిది, బియ్యం పోస్తే పిండి వస్తుంది, ఆ పిండిని మళ్ళీ బియ్యం చేసే మర ఎక్కడా లేదు. లాగిన్ దగ్గర పాస్‌వర్డ్ సరిపోయిందా లేదా చూసుకోవడానికైతే హ్యాష్ పనికొస్తుంది (అక్కడ కూడా ఒట్టి ఎస్‌హెచ్‌ఏ-256 వద్దు, మరీ స్పీడు, ఊహించి కొట్టేవాడికి అదే సుళువు), మీకేమో అసలు బియ్యమే కావాలాయె. బేస్64 అసలు తాళమే కాదు, రాసే తీరు మార్చడం అంతే, ఎవరైనా ఒక్క లైనుతో విప్పేస్తారు.

మీకు కావలసింది ఎన్‌క్రిప్షన్, అంటే ఒక రహస్య కీతో తాళం వేసి, అదే కీతో మళ్ళీ తెరవడం. పైథాన్‌కి క్రిప్టోగ్రఫీ అనే లైబ్రరీలో ఆ పని చేసిపెట్టే ఫెర్నెట్ ఉంది, అది వాడండి. లోపల ఏఈఎస్-128 అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి ఉంటుంది, దాచిన డేటాను ఎవరైనా కెలికినా పట్టేస్తుంది. సొంత అల్గారిదం రాద్దామని మాత్రం కూర్చోకండి.

అసలు తిప్పలంతా కీ దగ్గరే. మొదటిసారి నేనైతే కీని డేటాబేస్ పక్కనే ఒక ఫైల్లో పెట్టాను, తలుపుకి తాళం వేసి తాళంచెవి గడప మీద పెట్టినట్టు. పైగా ఆ ఫోల్డరంతా గిట్‌హబ్‌లోకి ఎక్కించి, తర్వాత నాలుక్కరుచుకుని ఫైలు డిలీట్ చేశాను గానీ పాత కమిట్‌లలో (గిట్ దాచుకునే పాత కాపీల్లో) అది భద్రంగా అలాగే ఉంది.

కీని డిస్కు మీద దాచొద్దు. యూజరు మాస్టర్ పాస్‌వర్డ్ కొట్టిన ప్రతిసారీ అందులోంచి అప్పటికప్పుడు తయారవ్వాలి. పాస్‌వర్డ్ నుంచి కీ తయారుచేయడానికి పీబీకేడీఎఫ్2 అనే పద్ధతి ఉంది: 16 బైట్ల రాండమ్ సాల్ట్ (పాస్‌వర్డ్‌కి కలిపే అడ్డదిడ్డపు బైట్లు) ఇచ్చి, ఎస్‌హెచ్‌ఏ-256తో 6 లక్షల సార్లు తిప్పండి, సాఫ్ట్‌వేర్ భద్రతపై సలహాలిచ్చే ఓవాస్ప్ సంస్థ వాళ్ళు చెప్పే లెక్క అదే. సాల్ట్ రహస్యమేం కాదు, డేటాబేస్‌లోనే ఉండొచ్చు. మీకు కాస్త ఆగినట్టు అనిపిస్తుంది అంతే, ఊహించి ఊహించి కొట్టేవాడికి మాత్రం ఒక్కో ఊహకీ అంత పనీ పడుతుంది. ఓపికుంటే ఇదే పని చేసే, 2015లో పాస్‌వర్డ్ హ్యాషింగ్ పోటీ గెలిచిన ఆర్గాన్2 కూడా చూడండి.

మాస్టర్ పాస్‌వర్డ్ మర్చిపోతే ఏంటి అని వైవాలో తప్పకుండా అడుగుతారు. ఏమీ చేయలేం అనే చెప్పండి, తడబడకండి. కొత్త పాస్‌వర్డ్‌లు పుట్టించడానికి పైథాన్‌లోని రాండమ్ మాడ్యూల్ కాదు, సీక్రెట్స్ మాడ్యూల్ వాడండి. ప్రస్తుతానికి మీ బ్యాంకు పాస్‌వర్డ్‌లు మాత్రం ఇందులో పెట్టకండి.

అన్నట్టు, పీబీకేడీఎఫ్2తో తయారుచేసిన 32 బైట్ల కీని ఫెర్నెట్‌కి బేస్64 రూపంలోనే ఇవ్వాలి. మీ ఫ్రెండ్ మాట అక్కడ పనికొస్తుంది.