ఒకటి వస్తేనే పెద్దదా?

ప్రశ్న: జావాలో పదాలను అక్షరక్రమంలో పేర్చే ప్రోగ్రాం రాస్తున్నాను. రెండు పదాలను పోల్చి ఒక సంఖ్య ఇచ్చే ‘కంపేర్‌టు’ ఫలితం 1 అయితే మొదటి పదం తరువాత రావాలని షరతు పెట్టాను. ‘బలం’, ‘ఫలం’ చక్కగా సర్దుకున్నాయి. ‘ఫలం’, ‘జలం’ మాత్రం తారుమారయ్యాయి. లోపం జావాలో ఉందా, నా ప్రోగ్రాంలోనా?

జవాబు: మీ షరతులోనే ఉంది. కంపేర్‌టు హామీ ఇచ్చేది గుర్తు వరకే. మొదటిది ముందుదైతే రుణ సంఖ్య, సమానమైతే సున్నా, తరువాతిదైతే ధన సంఖ్య. ఆ సంఖ్య ఎంతన్నది మీరు పట్టించుకోకూడదు. స్ట్రింగుల (అంటే అక్షరాల వరుసల) విషయంలో, మొదటిసారి తేడా కనిపించిన చోట రెండు అక్షరాల యూనికోడ్ విలువల (కంప్యూటర్‌లో ప్రతి అక్షరానికీ కేటాయించిన సంఖ్యల) భేదమే ఫలితం. ఫ పక్కనే బ ఉంది కనుక 1 వచ్చింది. జ నుంచి ఫ 15 స్థానాల అవతల ఉంది కనుక 15 వచ్చింది. తొలి పరీక్షలోనే పక్కపక్క అక్షరాలు తగలడం మీ దురదృష్టం! ఫలితం సున్నా కంటే ఎక్కువా, తక్కువా అని అడగండి, చాలు. ఎవరి ప్రోగ్రాంలోనైనా కంపేర్‌టు పక్కన ‘1కి సమానమా’ అని కనిపిస్తే నేను మిగతాది చదవడం అక్కడే ఆపేస్తాను.

అనుభవజ్ఞులూ ఇక్కడ బోల్తా పడ్డారు. 2012లో మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఒక లోపం బయటపడింది. పాస్‌వర్డ్ సరిచూసే చోట బైట్లను పోల్చే ‘మెమ్‌కంప్’ ఇచ్చిన పూర్ణాంకాన్ని ఒక్క బైటులోకి, అంటే ఎనిమిది బిట్లలోకి కుదించారు. ఫలితం −128 నుంచి 127 లోపే ఉంటుందని ధీమా. కొన్ని వ్యవస్థల్లో అంతకంటే పెద్ద సంఖ్యలు వచ్చేవి. వాటిలో చివరి ఎనిమిది బిట్లూ సున్నాలైతే ‘సమానం’ అని లెక్క. అంటే సుమారు 256 ప్రయత్నాలకు ఒకసారి తప్పుడు పాస్‌వర్డ్‌తోనూ అనుమతి దొరికేది.

రేపు సంఖ్యలను పేర్చేటప్పుడు ఒకదానిలోంచి మరొకటి తీసివేసి ఆ ఫలితం ఇద్దామనిపిస్తుంది. ఆ పని చేయకండి. 200 కోట్లలోంచి −200 కోట్లు తీసివేస్తే వచ్చే 400 కోట్లు 32 బిట్ల పూర్ణాంకంలో పట్టవు. −29,49,67,296 చేతికొస్తుంది, పెద్దది చిన్నదైపోతుంది. జావాలో పూర్ణాంకాలను పోల్చే ‘ఇంటీజర్.కంపేర్’ ఉన్నది అందుకే. సీ++ భాష 2020 రూపమైన సీ++20 అయితే ఈ పోలికకు సంఖ్యే ఇవ్వదు, ‘ఆర్డరింగ్’ అనే ప్రత్యేక రకం ఇస్తుంది. నాకు ఆ పద్ధతే నచ్చింది.

మీరు అడగకపోయినా ఇంకొకటి. వర్ణమాలలో హ తరువాత వచ్చే ళ యూనికోడ్‌లో ల పక్కనే ఉంటుంది. అందువల్ల షరతు సరిచేశాక కూడా ‘కళ’ అనేది ‘కవి’ కంటే ముందే వస్తుంది. వర్ణమాల క్రమమే కావాలంటే, మనం చెప్పిన క్రమంలో పదాలను పోల్చే జావా సాధనం ‘రూల్‌బేస్డ్‌కొలేటర్’కు మీ నియమాలు రాసివ్వండి.