మీ పెరట్లో పాడుతున్న వుడ్ థ్రష్ గురించి

చి. అనూషకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఆడియో విన్నానమ్మా. అది వుడ్ థ్రష్ అనే పిట్టే. వేణువులా మొదలై చివర్లో సన్నగా వణుకుతుంది చూడు, ఒకేసారి రెండు స్వరాలు పలికించగల గొంతు దానిది. 1966 నుంచి లెక్క చూస్తే ఈ పిట్టలు దాదాపు సగం తగ్గిపోయాయి. పెన్సిల్వేనియాలో కొత్తిల్లు కొన్న ఏడాదే అది మీ పెరటికొచ్చింది కాబట్టి, ఏం చెయ్యాలని నువ్వడగడం నాకెంతో సంతోషం.

ముందు ఆ గ్లాస్ డోర్ సంగతి చూడు. ఫోటోలో అందులో చెట్లన్నీ కనిపిస్తున్నాయి. పిట్ట దాన్ని అడవే అనుకుని వేగంగా వచ్చి గుద్దుకుంటుంది. ఒక గద్ద బొమ్మ అంటిస్తే లాభం లేదు. అద్దమంతా, రెండేసి అంగుళాల ఎడంతో చుక్కలు అంటించు, అదీ బయటివైపు. లోపల అంటిస్తే చెట్ల ప్రతిబింబం అద్దంలో అలాగే కనబడుతుంది. దెబ్బ తగిలిన పిట్ట దొరికితే నోట్లో నీళ్లు పోయకు. గాలాడే అట్టపెట్టెలో చీకటిగా ఉంచి, గాయపడ్డ అడవి ప్రాణులను చూసుకునే, లైసెన్స్ ఉన్న వైల్డ్‌లైఫ్ రిహాబిలిటేటర్‌కు ఫోన్ చెయ్యి.

పెరటి చివర రాలిన ఆకులు ఊడ్పించకు. ఓసారి కిటికీలోంచి గమనించు: నాలుగు గెంతులు గెంతి ఆగుతుంది, ముక్కుతో ఆకు ఎగరేస్తుంది, కింది పురుగునో నత్తనో అందుకుంటుంది. గుడ్డు పెంకుకు కావలసిన కాల్షియం ఆ నత్తల్లోంచే చాలావరకు వస్తుంది. పొదలూ ఉంచు, మందు కొట్టే లాన్ వాళ్లను అటు రానివ్వకు. మీ కాలనీ ఇళ్ల యజమానుల సంఘం (హెచ్‌ఓఏ) నుంచి నోటీసు వస్తే టెన్షన్ పడకు, వెళ్లి మాట్లాడు.

అయితే ఇదంతా సగం పనే. 2007లో పక్షి శాస్త్రవేత్త బ్రిడ్జెట్ స్టచ్‌బరీ బృందం మీ రాష్ట్రంలోనే ఈ పిట్టల వీపున, అవి ఎక్కడెక్కడ తిరిగాయో తెలిపే చిన్న జియోలొకేటర్లు కట్టింది. మరుసటి ఏడాది తిరిగొచ్చిన వాటిని పట్టి చూస్తే, చలికాలమంతా మధ్య అమెరికాలోని తూర్పు హోండురస్, నికరాగ్వాల్లో గడిపాయని తేలింది. అక్కడేమో పశువుల మేతకోసం అడవులు నరికేస్తున్నారు. అందుకే, అలాంటి చోట్ల పిట్టలకు చెట్ల నీడ మిగిలేలా, అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థ వాళ్ల 'బర్డ్ ఫ్రెండ్లీ' ముద్ర ఉన్న కాఫీ కొను. చెట్ల నీడన, రసాయనాలు లేకుండా పండించినది. అసలు అడవికి సాటిరాదు, కానీ చెట్టన్నదే లేని కాఫీ తోటకంటే చాలా నయం. గింజలు తెచ్చి కాస్త సన్నగా పట్టించుకో, ఫిల్టర్‌లో డికాక్షన్ చక్కగా దిగుతుంది.

ఇంకొకటి, అమెరికా కాంగ్రెస్‌లో, అంటే అక్కడి చట్టసభలో, మీ ప్రాంతపు సభ్యుడికి ఉత్తరం రాయి. సిటిజన్‌షిప్ లేకపోయినా రాయొచ్చు. వలస పిట్టల కోసం 2000లో చేసిన చట్టం కింద ఇచ్చే గ్రాంట్లలో కనీసం 75 శాతం అమెరికా బయట ఖర్చు చెయ్యాలి. ఆ నిధులు తగ్గించొద్దని అడుగు. మీ పెరట్లో పాట విన్న సంగతీ రాయి, అలాంటి ఉత్తరాన్ని శ్రద్ధగా చదువుతారు.

ఆకురాలు కాలంలో అవి దక్షిణానికి బయలుదేరతాయి. చుక్కలు మాత్రం ఆగస్టులోపే అంటించెయ్యి తల్లీ.

మీ పెదనాన్న